ఆకులు పిల్లల్నే ఏరనివ్వండి

వినాయక చవితి పూజని తక్కువ టైంలో చేసుకోవడం గురించి మీరు వేసిన వ్యాసంలో, పత్రి కట్ట రెడీమేడ్‌గా కొనేస్తే టైం కలిసొస్తుందని రాశారు. పెద్దవాళ్లకి కలిసొస్తుందేమో గానీ, పిల్లల సరదా అంతా ఆ ఆకుల్లోనే ఉందండీ. మేం విశాఖపట్నం సీతమ్మధారలో ఉంటాం. ముందురోజు పిల్లల్ని పూర్ణా మార్కెట్‌కి తీసుకెళ్లి పత్రి విడిగా కొంటాం. ఇంటికొచ్చాక పాత పేపరు మీద పరిస్తే 21 రకాల్లో ఏది ఏదో వాళ్లే వేరు చేస్తారు, దొరికినన్ని. మారేడు, గరిక ఇట్టే పట్టేస్తారు. మా చిన్నదైతే మాచిపత్రి నలిపి వాసన చూస్తూ కూర్చుంటుంది, పని సాగనివ్వదు.

ఉమ్మెత్త, గన్నేరు మాత్రం విషం. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. వాటిని పెద్దవాళ్లే తీసి, తర్వాత అందరి చేతులూ సబ్బుతో కడిగించాలి. ఈ మాట మీ వ్యాసంలో ఉండాల్సింది.

మట్టి బొమ్మని బకెట్లో నిమజ్జనం చేయమన్నారు, బాగుంది. రంగు వేయని బంకమట్టిదైతే ఆ నీళ్లు కుండీల్లో పోసేయొచ్చు.

పూజ ఎంత కుదించినా శమంతకమణి కథ కుదించకండి. కృష్ణుడూ జాంబవంతుడూ 28 రోజులు కుస్తీ పట్టారనగానే మావాళ్లు ఉండ్రాళ్లు కూడా మర్చిపోయి వింటారు.