చెట్టు మనదే కదా!

అమెరికాలో వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్ వైపు ఫిబ్రవరి చివరికల్లా గృహస్థులు రెండు వర్గాలుగా విడిపోతారు. టిఫిన్‌లో అట్ల మీద పోసుకునే మేపుల్ సిరప్ (మేపుల్ చెట్టు కార్చే నీటిని కాచి తీసిన పాకం) దుకాణంలో కొనుక్కునేవాళ్లది ఒక వర్గం. పెరట్లో చెట్టు పెట్టుకుని కొనడమేమిటి, చవకగా మనమే కాచుకోలేమా అనేవాళ్లది రెండోది. మొదటి వర్గం గురించి రాయడానికేమీ లేదు. టిఫిన్ తినేసి హాయిగా ఆఫీసుకి పోతున్నారు. రెండోవాళ్ల పొదుపరితనాన్ని మాత్రం లోకం ఇంతవరకూ సరిగా గుర్తించలేదు. ఆ లోటు తీర్చడమే నా ఉద్దేశం.

లోకం అడిగేది ఒకటే: లీటరు సిరప్‌కి 40 లీటర్ల చెట్టునీరు మరిగించాలటగా, ఇందులో పొదుపెక్కడ? నిజమే. మేపుల్ చెట్లలో షుగర్ మేపుల్ అనే రకం నీటిలో చక్కెర నూటికి 2 పాళ్లే. సిరప్ అనిపించుకోవాలంటే 66 పాళ్లు దాటాలి. తేడా అంతా ఆకాశానికే. కానీ ఈ ప్రశ్న వేసేవాళ్లకి గృహ ఆర్థికశాస్త్రం తెలీదు. చెట్టు మనది. నీరు దానంతటదే కారుతుంది. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే చలి ఉంటేనే ఆ నీరు కదులుతుంది, ఆ చలి కూడా ఉచితమే, కావలసినదానికంటే ఎక్కువే. ముడిసరుకంతా ఊరికే వచ్చే పరిశ్రమ ఇంకొకటి చూపించమనండి.

సామగ్రి సంగతికొద్దాం. చెట్టుకి 8 మిల్లీమీటర్ల కన్నం వేసి కొట్టే చిన్న గొట్టాన్ని స్పైల్ అంటారు. ప్లాస్టిక్‌ది కాఫీ ఖరీదు చెయ్యదు. బకెట్లు బేకరీవాళ్లు కేకుల క్రీము అయిపోయాక ఊరికే ఇచ్చేస్తారు. (ఊరగాయ బకెట్లూ ఇస్తారు గానీ, వెనిగర్ వాసన వేసే సిరప్ మీకు ఇష్టమైతేనే తీసుకోండి.) పాతసామాన్ల దుకాణంలో దొరికే ముత్తాతల కాలంనాటి రేకు బకెట్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. అతుకుల్లో సీసం ఉండొచ్చు కనుక వాటిలో పూలమొక్కలు పెట్టుకోవడం మేలు. ఇక డ్రిల్లు ఇంట్లో ఉన్నదే. ఇంట్లో ఉన్న వస్తువుకి ఖరీదు కట్టకూడదన్నది ఈ శాస్త్రంలో మూలసూత్రం. డ్రిల్లు లేనివాళ్లు కొనుక్కోవాలి. కొన్నాక అది ఇంట్లో ఉన్నట్టే కాబట్టి దానికీ ఖరీదు లేదు.

ఒక్క చిక్కుంది. ఒక కన్నం నుంచి సీజన్ మొత్తానికి వచ్చేది సుమారు 40 లీటర్ల నీరు, అంటే లీటరు సిరప్. లీటరు ఏ మూలకీ రాదు. అందుకని కన్నాలు పదికి పెంచాలి. 10 అంగుళాల మందం లేని చెట్టు జోలికి పోకూడదు కనుక పొరుగాయన చెట్ల వైపు చూపు మళ్లుతుంది. ఆయనకి చిన్న సీసాడు సిరప్ ఇస్తే ఆ చెట్లూ మనవే.

నీరు వచ్చింది. పాలలాగే ఇదీ నిలవుంటే పాడవుతుంది, వెంటనే కాచాలి. వంటింట్లో కాస్తే ఆ ఆవిరికి గోడ కాగితాలు ఊడివస్తాయని అక్కడి పెద్దలు తరతరాలుగా హెచ్చరిస్తున్నారు. ఇల్లాలి హెచ్చరిక దానికి అదనం. కాబట్టి పెరట్లోకి. నవంబరులో వచ్చే థాంక్స్‌గివింగ్ పండక్కి టర్కీ కోడిని వేయించడానికి కొన్న పెద్ద గ్యాసుపొయ్యి, గిన్నె ఉంటాయి కదా, అవి టర్కీ ఖాతాలోవి, మనకి సంబంధం లేదు. అందులో మండే ప్రొపేన్ గ్యాసు మాత్రం ఎవరి ఖాతాలోకి తొయ్యాలో తెలీదు. మూతలేని గిన్నె కింద సగం వేడి పెరటికే పోతుంది. 9 కిలోల బండకి 2 లీటర్ల సిరప్ దిగితే గొప్ప.

గ్యాసు దండగని తేలాక సిమెంటు ఇటుకలు పేర్చి కట్టెలపొయ్యి కడతారు. పైన, పెళ్లి బఫేల్లో పప్పూ పులిహోరా పెట్టే స్టీలు ట్రేలు. లోతు గిన్నె కంటే వెడల్పు ట్రేలో ఆవిరి జోరుగా పోతుంది, ఇది నిజంగా మంచి సలహా. కట్టెలు ఉచితం. రంపం ఇంట్లో ఉన్నదే అవుతుంది. శనివారం పొద్దున అంటించిన మంట దగ్గర చీకటి పడేదాకా కూర్చునే మనిషికి కూలీ లేదు, వినోదమని రాసుకోవాలి. దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు అన్న మన సామెత ఆ ఊళ్లకి ఇంకా చేరినట్టు లేదు.

చేరవేసేవాళ్లయితే ఉన్నారు. ఈ పనిలోకి దిగిన మనవాళ్లలో ఒకాయన ఇంటికి అనకాపల్లి నుంచి అత్తగారొచ్చారు. పగలంతా పొయ్యి వంక చూసి, “ఇంత కాచి ఇంతేనా బాబూ? చెరుకురసమైతే ఈపాటికి దిమ్మలు దింపేద్దుం” అన్నారు. ఆవిడ మాట సబబే. చెరుకురసం పది పాళ్లకి ఒక పాలు బెల్లం దిగుతుంది. అల్లుడు జవాబు చెప్పలేదు. పాకం నీటి మరుగు కంటే 4 డిగ్రీలు పైకి, 104కి చేరే ఘడియ అది. తగ్గితే బూజు, మించితే అడుగున కలకండ. అత్తగారు వేలితో తీగ చూసి చెప్పేవారే. అల్లుడు అప్పటికే పాకం చిక్కదనం చెప్పే గాజు హైడ్రోమీటరు కొన్నాడు, అది పగిలితే ఉండాలని ఇంకొకటీ కొన్నాడు. తర్వాత వడపోత. ముందు తడపకుండా వాడిన ఉన్నిగుడ్డ తన వాటా తాను తాగేసింది.

వచ్చే ఏడాదికి ఆర్‌వో యంత్రం. మన ఇళ్లలో అది మంచినీళ్లు మనకిచ్చి, మిగతావి సింకులోకి వదులుతుంది. ఇక్కడ తలకిందులు: మంచినీళ్లు పారబొయ్యాలి, సింకులోకి పోవాల్సినవి భద్రంగా పట్టుకోవాలి, చక్కెర వాటిలోనే ఉంటుంది. కాచకముందే సగం నీరు పోతుంది కనుక కట్టెలు కలిసొస్తాయి. ఉచితమని రాసుకున్న కట్టెల్ని ఆదా చెయ్యడానికి కొన్ని వందల డాలర్లు!

నవ్వేవాళ్లు నవ్వనీండి. మంట వెయ్యకుండా సిరప్ సంపాదించినవాళ్లూ లేకపోలేదు. 2011-12లో కెనడాలోని క్యూబెక్‌లో మేపుల్ సిరప్ ఉత్పత్తిదారుల నిల్వ గిడ్డంగి నుంచి దొంగలు దాదాపు 3,000 టన్నుల సిరప్ తోడేసి, కొన్ని పీపాల్లో నీళ్లు నింపిపెట్టారు. సామగ్రి అంతా పంపులూ లారీలే, స్పైల్ ఒక్కటి కూడా కొనలేదు. ముఠా నాయకుడికి జైలు కాక 91 లక్షల కెనడా డాలర్ల జరిమానా పడింది. తగ్గించమంటే 2022లో ఆ దేశపు సుప్రీంకోర్టు కుదరదంది. ఈ అంకె పక్కన పెట్టి చూపిస్తే, ఆర్‌వో యంత్రానికి ఇంట్లో అనుమతి రావడం కష్టం కాదు.