400 మీటర్లు దాటినంత మాత్రాన గుండె బాగున్నట్టు కాదు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు వాట్సాప్ గ్రూపుల్లో పది రోజులుగా ఒక మెసేజ్ తిరుగుతోంది: "గుండె పేషెంట్లు ఎవరైనా ఫోన్‌లో యాప్ పెట్టుకుని ఆరు నిమిషాలు నడవండి. 400 మీటర్లు దాటితే గుండె భేషుగ్గా ఉన్నట్టే. చెకప్ కోసం విశాఖ పరిగెత్తక్కర్లేదు." మా నాన్నకు స్టెంట్ వేసి రెండేళ్ళయింది. అది చదివి ఆయన ఈసారి చెకప్ మానేద్దామన్నారు. నాకు టెన్షన్ పట్టుకుంది.

ఆరు నిమిషాల నడక పరీక్ష నిజమైనదే. ఆసుపత్రి వరండాలో 30 మీటర్లు గుర్తుపెట్టి అటూ ఇటూ నడిపిస్తారు. పరిగెత్తకూడదు. ఆయాసం వస్తే గోడకు ఆనుకుని ఆగొచ్చు, గడియారం మాత్రం ఆగదు. దూరంతోపాటు నాడి, ఆక్సిజన్, ఆయాసం ఎంతుందో కూడా రాసుకుంటారు. మెసేజ్‌లో ఇవేవీ లేవు.

మరి 400 మాట? హార్ట్ ఫెయిల్యూర్ (గుండె రక్తాన్ని సరిపడా పంపు చేయలేకపోవడం) ఉన్నవాళ్ళు 300 మీటర్ల లోపే ఆగిపోతే డాక్టర్లు దాన్ని ప్రమాద సూచనగా చూస్తారు. అంతకుమించి నడిస్తే జబ్బు లేదని అర్థం కాదు. వయసు, ఎత్తు, మోకాళ్ళ నొప్పి కూడా ఆ అంకెను మారుస్తాయి. రక్తనాళంలో పూడిక ఉన్న మనిషి కూడా 400 దాటేయొచ్చు.

యాప్ లెక్క ఎంతవరకు నిజమో మా వీధిలోనే చూశాను. టేపుతో 30 మీటర్లు కొలిచి, రెండు చివర్లా ఇటుకలు పెట్టి, నాన్నను రోజూ నడిచేటట్టే నడవమన్నాను. ఆరు నిమిషాల్లో ఇటుక నుంచి ఇటుకకు 11 సార్లు వెళ్ళారు, అంటే 330 మీటర్లు. ఆయన చొక్కా జేబులోని ఫోన్ 402 చూపించింది! ఆకాశం బాగా కనబడే మైదానంలోనే జీపీఎస్ కొన్ని మీటర్లు తేడా చూపిస్తుంది. ఇళ్ళ మధ్య, మాటిమాటికీ వెనక్కి తిరుగుతుంటే ఆ తేడాలన్నీ పోగవుతాయి. అడుగులు లెక్కపెట్టే యాప్‌లకు ఇంకో తిప్పలు: కాళ్ళీడుస్తూ మెల్లగా వేసే అడుగులు కొన్ని వాటి లెక్కలోకి రావు.

యాప్‌లు దండగ అనను. స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ 2015లో మైహార్ట్ కౌంట్స్ యాప్‌లో ఈ నడకనే పెట్టింది. డాక్టర్ సరేనంటే, ఒకే చోట, ఒకే ఫోన్‌తో నడిచి అంకెలు రాసిపెట్టుకుంటే దూరం తగ్గుతోందేమో ఆయనకు చూపించొచ్చు.

"ఎవరైనా" అన్నదే అన్నిటికంటే ప్రమాదం. గుండెపోటు వచ్చి నెల తిరగనివాళ్ళు, కూర్చున్నా ఛాతీ నొప్పి వస్తున్నవాళ్ళు ఈ పరీక్ష సొంతంగా చేసుకోకూడదు. నడకలో ఛాతీ పట్టేసినా, కళ్ళు తిరిగినా వెంటనే ఆగి కూర్చోవాలి. నొప్పి తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి.

విశాఖ ప్రయాణం ఖర్చు, రోజు కూలి పోవడం నాకూ తెలుసు. కానీ బీపీ, ఈసీజీ, ఎకో (గుండె స్కానింగ్), మందుల డోసు ఆ యాప్ చూడదు. బరంపురం దగ్గరనుకుంటే అక్కడికే వెళ్ళండి. నాన్నను సోమవారం తీసుకెళ్తున్నాను. 330, 402 రెండూ కాగితం మీద రాసి ఆయన మందుల చీటీకి పిన్ను కొట్టాను.