సవరణ: హెచ్‌డీఎంఐ 1.4 మీద 1440పీ, 144 హెర్ట్జ్ రాదు

రిడ్యూస్డ్ బ్లాంకింగ్‌తో (పిక్సెళ్లతో పాటు పంపే, తెర మీద కనిపించని భాగాన్ని తగ్గించే పద్ధతి) కస్టమ్ రిజల్యూషన్ పెట్టుకుంటే హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు మీద కూడా 2560×1440ను (1440పీ) 144 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 144 సార్లు తెర మారేలా, నడపొచ్చని ఇంతకుముందు రాశాను. అది తప్పు, లెక్క సరిచూసుకోకుండా రాశాను.

హెచ్‌డీఎంఐ ప్రమాణాల ప్రకారం 1.4లో పిక్సెల్ క్లాక్ (సెకనుకు పంపే పిక్సెళ్ల వేగం) 340 మెగాహెర్ట్జ్, అంటే సెకనుకు 34 కోట్ల పిక్సెళ్లు, దాటదు. తెర మీద కనిపించే పిక్సెళ్లకే 2560×1440×144, అంటే దాదాపు 531 మెగాహెర్ట్జ్ కావాలి. రిడ్యూస్డ్ బ్లాంకింగ్ తగ్గించేది కనిపించని భాగాన్నే కాబట్టి ఎంత తగ్గించినా సరిపోదు. మానిటర్ ఒప్పుకుంటే 75 హెర్ట్జ్ దాకా వెళ్లొచ్చు. 144 కావాలంటే డిస్‌ప్లేపోర్ట్ (మానిటర్‌కు వాడే మరో రకం పోర్టు) 1.2 గానీ, హెచ్‌డీఎంఐ 2.0 గానీ, వాటికంటే కొత్తది గానీ ఉండాలి.

నేను చెప్పినట్టు చేసి తెర నల్లబడితే టెన్షన్ పడకండి. విండోస్ సెట్టింగ్స్‌లో మార్చి ఉంటే, ఏమీ నొక్కకుండా 15 సెకన్లు ఆగండి, పాత రిజల్యూషన్ తిరిగి వస్తుంది.