తిప్పి చూపించడమే కథ, బాబూ!

బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ టీవీ సీరియల్ ‘డాక్టర్ హూ’లో 2015లో వచ్చిన ఎపిసోడ్ ‘హెవెన్ సెంట్’ పేరెత్తితే చాలు, ‘చూపించిందే చూపించారు, బోర్’ అంటారు కొందరు. హీరో డాక్టర్ బయటపడాలంటే పగలగొట్టాల్సింది వజ్రం కన్నా 400 రెట్లు గట్టి గోడ, 20 అడుగుల మందం. పిడికిలితో నాలుగు గుద్దులు, చావు, టెలిపోర్టర్‌లో (మనిషిని ఒకచోటి నుంచి మరోచోటికి క్షణంలో పంపే యంత్రంలో) దాచిన తన కాపీతో మళ్లీ మొదలు. ఇలా 200 కోట్ల ఏళ్ల పైమాటే! ఆ లెక్క నక్షత్రాలను చూసి అతనే చెప్తాడు. వింటే కదా? తల ఫోన్‌లో పెడితే ఏం వినిపిస్తుంది!

అభిమానులేమైనా తక్కువా? గదులన్నీ రీసెట్ అయి మళ్లీ మొదటిలా మారిపోతుంటే ఆ గోడ ఎందుకు మారదు? పొయ్యి దగ్గర ఆరేసిన బట్టలు ఎందుకు మాయం కావు? న్యాయమైన ప్రశ్నలే. అడిగితే ‘నీకు అర్థం కాలేదు’ అని మీద పడతారు. అర్థమైతేనే కదయ్యా అనుమానం వచ్చేది!