మదనపల్లె అమ్మాయి మద్రాసు మీదుగా ఎందుకు రావాల్సి వచ్చింది

2022 మేలో బిగ్‌బాస్ తెలుగు ఓటీటీ సీజన్‌లో నటి బిందు మాధవి గెలిచారు. అప్పటిదాకా టీవీలో వచ్చిన అయిదు సీజన్లలోనూ మగవాళ్లే విజేతలు కాబట్టి, మొదటిసారి ఒక మహిళ గెలిచారన్న వార్త బాగానే తిరిగింది. తిరుపతిలో మాత్రం ఆ రోజుల్లో నా చెవిన పడిన మాట వేరు. "తమిళ హీరోయిన్ అంట, తెలుగు బలే మాట్లాడతాంది." ఆమె పుట్టింది మదనపల్లెలో. తండ్రి వాణిజ్య పన్నుల శాఖలో అధికారి, బదిలీల మీద ఆ కుటుంబం కాపురమున్న ఊళ్లలో తిరుపతి కూడా ఉంది. అయినా సొంత చిత్తూరు జిల్లావాళ్లకే ఆమె అరవ నటి అయిపోయారు. (మదనపల్లె అప్పటికి కాగితాల మీద అన్నమయ్య జిల్లాలోకి వెళ్లి నెల దాటింది. ఆ మార్పు మనసుకి ఎక్కడానికి ఇంకా టైమ్ పడుతుంది లెండి.)

తప్పు వాళ్లది కాదు. ఆమె నడిచిన దారి అలాంటిది.

వేలూరు వీఐటీలో బయోటెక్నాలజీ చదివి డిగ్రీ తీసుకున్నారు. చిత్తూరు నుంచి వేలూరు గంట ప్రయాణం. మా వైపు వాళ్లకి అది పరాయి రాష్ట్రమని ఎప్పుడూ అనిపించదు. జబ్బు చేస్తే సీఎంసీ, పెళ్లి చీరలకి కంచి, పిల్లల చదువుకి వేలూరు లేదా చెన్నై. తిరుపతి నుంచి చెన్నై నూట యాభై కిలోమీటర్లు కూడా లేదు, హైదరాబాద్ అయిదు వందలు దాటుతుంది. అందుకే కాలేజీ రోజుల్లో ఆమెకి మోడలింగ్ అవకాశం వచ్చింది చెన్నై నుంచే. మొదట శరవణా స్టోర్స్ ప్రకటన, తర్వాత ఒక బంగారం ప్రకటన. అది శేఖర్ కమ్ముల కంట్లో పడింది. ఆయన నిర్మాణంలో అనీష్ కురువిల్లా తీసిన 'ఆవకాయ్ బిర్యానీ'తో 2008లో తెలుగు తెర మీదికి వచ్చారు. సినిమాల్లోకి వెళ్తానంటే ఇంట్లో ఒప్పుకోలేదని, నాన్న కొన్ని నెలలు మాట్లాడలేదని ఆమే ఇంటర్వ్యూల్లో చెప్పుకొన్నారు.

మోడలింగ్ అనగానే అందరికీ ర్యాంప్ గుర్తొస్తుంది. దక్షిణాదిలో మోడల్‌కి అన్నం పెట్టేది ర్యాంప్ కాదు, చీరల షాపులూ నగల షాపులూ. ఆషాఢం డిస్కౌంట్లు, దీపావళి, పెళ్లిళ్ల సీజన్. షూటింగ్ అంటే పొద్దున మేకప్‌కి కూర్చుంటే రాత్రి దాకా చీర మీద చీర మార్చుకుంటూనే ఉండాలి. నగల బరువుకి మెడ పట్టేస్తుంది. లైట్ల వేడికి చెమట పడుతున్నా అప్పుడే స్నానం చేసి వచ్చినట్టు నవ్వాలి. అంతా అయ్యాక బైపాస్ రోడ్డు మీద హోర్డింగ్ పెడతారు. అందులో షాపు పేరు ఉంటుంది, తరుగు ఎంతో ఉంటుంది, ఆ అమ్మాయి పేరు ఉండదు. ఈ పనిని తేలిగ్గా తీసేసేవాళ్లతో నేను ఏకీభవించను. లైటు ఎటు నుంచి పడుతోంది, ముఖం ఎంత తిప్పితే ఏమవుతుంది, విసుగు కనపడకుండా నలభైసార్లు ఒకే పని ఎలా చేయాలి అన్నవి నాటక రంగం కూడా అంత త్వరగా నేర్పదు. నేర్పనిది ఒక్కటే, మాట. నిశ్చల చిత్రానికి గొంతుతో పనిలేదు. టీవీ ప్రకటనకి గొంతు కావాలన్నా అది వేరేవాళ్లు ఇస్తారు.

అసలు చిక్కు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. తెలుగు సినిమా హీరోయిన్లను మోడలింగ్ నుంచి తీసుకుంటూ తీసుకుంటూ, ఆ రంగం లెక్కనే తనదిగా చేసుకుంది. ముఖం ఒకచోట, గొంతు ఇంకోచోట కొనుక్కోవచ్చు. చెన్నైలో మోడలింగ్ చేస్తూ వచ్చిన సమంతకి 2010లో తొలి తెలుగు సినిమాలో గొంతు గాయని చిన్మయిది. ఇద్దరూ తమ పని బ్రహ్మాండంగా చేశారు, జనం మెచ్చుకున్నారు. అయితే ఇలా కుదిరినప్పుడల్లా తెలుగమ్మాయి దగ్గర అదనంగా ఉన్న ఒకే ఒక్క సరుకుకి, అంటే ఆమె భాషకి, ధర లేకుండా పోతుంది. భాషకి ధర లేకపోతే ఆమె ముంబై, బెంగళూరు అమ్మాయిలతో పోటీ పడాల్సింది పొడవు, రంగు, పోర్ట్‌ఫోలియోలతోనే (అవకాశాల కోసం చూపించే ఫొటోల ఆల్బమ్ అన్నమాట). ఆ పోర్ట్‌ఫోలియో తయారయ్యే ఏజెన్సీలు, స్టూడియోలు, అందాల పోటీల శిక్షణ ఎక్కువగా ఉన్నదీ ఆ నగరాల్లోనే. "తెలుగమ్మాయిలు ముందుకు రావడం లేదండీ" అనే నిర్మాత అబద్ధమాడడం లేదు. ఆయన చూసే చోట వాళ్లు లేరు, అంతే.

బిందు మాధవి కెరీర్ చూడండి. మొదటి సినిమాలో ఆమెది పోలవరం వైపు నుంచి వలస వచ్చి పచ్చళ్లు అమ్ముకునే అమ్మాయి పాత్ర. 2011 దాకా తెలుగులో అరడజను సినిమాలు చేశారు. అందులో ఆడినవీ ఉన్నాయి, కానీ ఆమెని దృష్టిలో పెట్టుకుని రాసిన పాత్ర అంటూ ఆ తర్వాత కనపడదు. అదే 2011లో గౌతమ్ మీనన్ నిర్మించిన 'వెప్పం'తో తమిళంలో నిలదొక్కుకున్నారు. మరుసటి ఏడాది 'కళుగు', 2013లో పాండిరాజ్ దర్శకత్వంలో 'కేడీ బిల్లా కిల్లాడీ రంగా'. అక్కడి పత్రికలు ఆమె కళ్లని సిల్క్ స్మిత కళ్లతో పోల్చడం మొదలుపెట్టాయి. స్మిత కూడా ఏలూరు వైపు తెలుగు మనిషే. మన దగ్గర దొరకని గుర్తింపు కోసం పొరుగు రాష్ట్రం వెళ్లడం నిన్నమొన్నటి సంగతి కాదు.

రాజోలు వైపు నుంచి వెళ్లిన అంజలి, హైదరాబాద్ శ్రీదివ్య, వరంగల్ ఆనంది... వీళ్లందరినీ నిలబెట్టింది తమిళ సినిమాయే. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత మన నిర్మాతల కోసమే పుట్టిందా అనిపిస్తుంది. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. తమ సినిమాల్లో తమిళ అమ్మాయిలు లేరని చెన్నైలోనూ ఇదే ఫిర్యాదు. వాళ్ల పెరటి చెట్టూ వాళ్లకి కానట్టే. కాబట్టి తమిళులకి కళాదృష్టి ఎక్కువ, మనకి తక్కువ అని చెప్పి చేతులు దులుపుకోలేం. పొరుగు నుంచి వచ్చిన అమ్మాయికి ఆ ఊళ్లో మేనమామ ఉండడు, అడిగేవాడు ఉండడు, పారితోషికం దగ్గర గట్టిగా బేరమాడే అలవాటూ మొదట్లో ఉండదు. నిర్మాతలు ఒప్పుకోకపోవచ్చు గానీ, రెండు పరిశ్రమల్లోనూ ఈ సౌకర్యం కొంత పనిచేస్తుందని నేను అనుకుంటాను.

మా జిల్లా విషయంలో ఇది ఇంకా విచిత్రంగా ఉంటుంది. 2021లో 'పుష్ప' వచ్చాక చిత్తూరు యాసకి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. అందులో ఆ యాస మాట్లాడే శ్రీవల్లిగా చేసింది కొడగు అమ్మాయి రష్మిక. ఆమె కూడా 2014లో ఒక ఫేస్‌వాష్ కంపెనీ పెట్టిన ఫ్రెష్ ఫేస్ పోటీ గెలిచి, మోడలింగ్ మీదుగా వచ్చినవారే. రష్మిక కష్టపడ్డారు, పేరూ తెచ్చుకున్నారు. నా ఫిర్యాదు ఆమె మీద కాదు. యాస కావాల్సి వచ్చినప్పుడు యాసని నేర్పించుకున్నారు తప్ప, యాస ఉన్న మనిషిని వెతకాలన్న అవసరం ఎవరికీ తోచలేదు.

ముప్ఫై ఏళ్ల కిందట ఇంకో దారి ఉండేది. తిరుపతిలో చదువుకున్న రోజాని 1991లో 'ప్రేమ తపస్సు'తో పరిచయం చేసింది చిత్తూరు జిల్లాకే చెందిన డాక్టర్ శివప్రసాద్. ఆయనే తర్వాత చిత్తూరు ఎంపీ అయ్యారు. ఆమెకి హోర్డింగ్ లేదు, పోర్ట్‌ఫోలియో లేదు. జిల్లా మనిషి జిల్లా అమ్మాయిని చూశారు, అడిగారు. మరుసటి ఏడాదే ఆమెకీ తమిళం తలుపు తీసింది. పరిచయాల మీద నడిచే ఆ పద్ధతిలో ఉన్న లోపాలు నాకు తెలియనివి కావు, మళ్లీ అదే రావాలనీ అనను. అది పోయిన చోట ఇంకేదీ రాలేదన్నదే నా బాధ.

ఇప్పుడు ఓటీటీ కొంత మార్చింది. 2023లో ఆహాలో వచ్చిన 'న్యూసెన్స్' వెబ్ సిరీస్ కథ మదనపల్లెలోనే జరుగుతుంది, నవదీప్ పక్కన బిందు మాధవి. పుట్టిన ఊరి కథలో పాత్ర దొరకడానికి మొదటి సినిమా తర్వాత దాదాపు పదిహేనేళ్లు పట్టింది. అది కూడా ముప్ఫై అయిదేళ్ల వయసులో ఒక రియాలిటీ షో గెలిచి, తెలుగు వచ్చని ఇంటింటికీ రుజువు చేసుకున్నాక. తెలుగులో హీరోయిన్లకి రెండో ఇన్నింగ్స్ ఇస్తున్నది వెండితెర కాదు. రోజాని మళ్లీ ప్రతి ఇంటికీ చేర్చింది జబర్దస్త్, బిందు మాధవిని చేర్చింది బిగ్‌బాస్.

మరి ఈ రోజు తిరుపతిలో కెమెరా ముందుకు రావాలనుకునే అమ్మాయి సంగతేంటి? మునుపటి కన్నా పని ఉంది. బ్రైడల్ మేకప్ చేసేవాళ్లు, పెళ్లి ఫొటోగ్రాఫర్లు, ఇన్‌స్టాలో చీరలు అమ్మేవాళ్లు రోజూ ముఖాల కోసం వెతుకుతున్నారు. ఇచ్చేది మాత్రం చాలాసార్లు ఒక చీర, కాదంటే "మీకే పబ్లిసిటీ కదమ్మా" అన్న మాట. పోర్ట్‌ఫోలియో తీస్తాం, సినిమా ఛాన్స్ ఇప్పిస్తాం అంటూ ఎదురు డబ్బులు గుంజేవాళ్లు వేరే. ఒక ఫొటోని ఎన్నాళ్లు వాడతారు, హోర్డింగ్‌కి వేరే, రీల్‌కి వేరే లెక్కా అన్నది ముందే కాగితం మీద రాసుకోవడం పెద్ద ఏజెన్సీల్లో మామూలు విషయం. ఇక్కడ ఆ కాగితం అడిగితే అమ్మాయికి పొగరు అంటారు. ఇక నిజంగా డబ్బున్న పెద్ద షోరూముల దాకా వస్తే, తిరుపతి బైపాస్‌లో పెట్టే ఫొటోకైనా మోడల్‌ని నిర్ణయించేది తిరుపతిలో కాదు. యాడ్ ఏజెన్సీ చెన్నైలోనో బెంగళూరులోనో ఉంటుంది, ఫొటోగ్రాఫర్ని వాళ్లు పెడతారు, మోడల్‌ని ఫొటోగ్రాఫర్ తెచ్చుకుంటాడు. స్థానిక బ్రాంచి మేనేజర్‌కి చేరేసరికి ఫ్లెక్సీ ప్రింటై వచ్చేసి ఉంటుంది.