హీరోగారు ఎలా ఉండేవారు సార్?

పెద్ద నటులతో ముఖాముఖి జరపడమనే శాస్త్రాన్ని మన యూట్యూబ్ ఛానెళ్లు ఎంతటి పరిపూర్ణతకు చేర్చాయో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. ఆ శాస్త్రం ప్రకారం నటుడి జీవితం ఆయన కెమెరా ముందుకు వచ్చిన రోజున మొదలవుతుంది. అంతకు ముందు రంగస్థలం మీద గడిచిన కాలమంతా 'నాటకాలు కూడా వేసేవారటగా సార్?' అన్న ఒక్క వాక్యంలో సర్దుకోవాలి. ఆ 'అటగా'లో, వయసులో ఎవరైనా చేసే తప్పేలెండి అన్న క్షమాగుణం ధ్వనించాలి.

ఈమధ్య అలాంటి ఒక కార్యక్రమంలో, ఎనభై దాటిన పెద్దాయన నాటక పరిషత్తు పోటీల సంగతి ఎత్తుకున్నారు. తమ నాటిక వంతు వచ్చేసరికి అర్ధరాత్రి దాటిందని, చివరి వరసలో కునికేవాడికి కూడా మాట చేరాలంటే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో దర్శకుడు నేర్పాడని చెబుతూ, అది చూపించడానికే కాబోలు, కళ్లు మూసుకుని గుండె నిండా గాలి పీల్చారు. సరిగ్గా అప్పుడు యాంకరమ్మ 'సూపర్ సార్!' అని కార్డు తిప్పి, 'ఫలానా హీరోగారికి సెట్లో కోపం ఎక్కువంటారు, నిజమేనా?' అని అడిగింది. పీల్చిన గాలిని పెద్దాయన అలాగే వదిలేసి, 'బంగారమమ్మా ఆయన' అన్నారు. హీరోగారింటి నుంచి క్యారియర్ వచ్చేదా? మీ మొదటి పారితోషికం ఎంత? మిమ్మల్ని ఎవరు మోసం చేశారు? ఇక్కడ కన్నీళ్లు రావాలి. రాకపోతే విరామం తరువాత అదే ప్రశ్న మళ్లీ వేస్తారు. చివరగా, 'టైమ్ లేదు సార్, పద్యం రెండు లైన్లు చాలు!' రాగాలాపనకే అంతకు రెట్టింపు సమయం పట్టే పద్యాన్ని!

కోట శ్రీనివాసరావుగారినే తీసుకోండి. బ్యాంకు ఉద్యోగం చేస్తూ నాటకాలు వేసిన మనిషి. 'ప్రాణం ఖరీదు' నాటకం 1978లో సినిమా అయినప్పుడు దానితోపాటే తెరకెక్కారు. 1987లో 'అహ నా పెళ్ళంట!'లో పిసినారి లక్ష్మీపతిగా, వేలాడగట్టిన కోడిని చూస్తూ ఉత్తన్నం తిన్నారు. 2015లో పద్మశ్రీ వచ్చినా, 2025లో ఆయన వెళ్లిపోయినా, మనం మాత్రం ఆ కోడిని దించలేదు. ఖాళీ విస్తరి ముందు కూర్చుని విందు భోజనం చేసినట్టు ప్రేక్షకులను నమ్మించే విద్య నాటకంలో అబ్బుతుందని, ఆ సన్నివేశంలో మనం నవ్వినది ఆ విద్యకేనని ఏ కార్డు మీదా రాసి ఉండదు.

తెలుగు నటులుండగా పరభాషా విలన్లు దేనికని ఆయన బతికుండగా పదే పదే అడిగారు. ముసలాయన చాదస్తమన్నాం. ఇక్కడ నవ్వుతూ రాయడం నా వల్ల కాదు. సిగ్గుండాలి! తెలుగు ముక్క రాని నటుణ్ణి విమానమెక్కించి రప్పిస్తారు, స్టార్ హోటల్లో దించుతారు, ఆయన పెదవులకు ఒక తెలుగు నటుడి గొంతు అతికిస్తారు. ఆ గొంతుకు ముఖం ఉండదు, పోస్టరు ఉండదు, పేరు ఉంటే గింటే చదివేలోగా మాయమవుతుంది. పరిషత్తుల్లో దశాబ్దాలు అరిగిన గొంతును చీకటిగదిలో అద్దెకు తీసుకుని, ఆ మనిషిని గేటు బయట నిలబెట్టేవారే మళ్లీ వేదికలెక్కి నాటకం తల్లి, సినిమా బిడ్డ అంటారు!

కందుకూరి వీరేశలింగం జయంతి అయిన ఏప్రిల్ 16న తెలుగు నాటకరంగ దినోత్సవం జరుపుతారు. ఆ మండుటెండలో, ముఖాముఖిలో చూసిన ఆ పెద్దాయనకు మళ్లీ ఉన్ని శాలువా కప్పుతారు. అయ్యా, ఈసారి దానికి బదులు ఒక వేషమివ్వండి. మూడు సీన్లున్నా చాలు, గొంతు మాత్రం ఆయనదే ఉండనివ్వండి.