రెండేళ్ల వలసకు 90 రోజుల నంబరు

రాజంపేట, రాయచోటి, రైల్వే కోడూరు, బద్వేలు ప్రాంతాల నుంచి కువైట్ వెళ్లేవారు వీసా, మెడికల్, టికెట్ కోసం నెలల తరబడి తిరుగుతారు. చేతిలో ఉన్న సిమ్ కార్డును ఏం చేయాలన్న ఆలోచన మాత్రం ప్రయాణం ముందు రోజు వరకు చాలామందికి రాదు. బ్యాంకు ఖాతా, ఆధార్, పీఎం కిసాన్, గ్యాస్ కనెక్షన్ అన్నీ ఆ పది అంకెలకే ముడిపడి ఉన్నాయి కనుక, నంబరు ఆగిన రోజున వలస వెళ్లిన మనిషి తన సొంత డబ్బుకే పరాయివాడవుతాడు. దీనిని వ్యక్తిగత అజాగ్రత్తగా తీసిపారేయడం అన్యాయం. లోపం విధానంలో ఉంది, దానిని సరిదిద్దే సాధనం కేంద్ర ప్రభుత్వం చేతిలోనే ఉంది.

నిబంధనలు పాఠకులకు స్థూలంగా తెలిసినవే. వరుసగా 90 రోజులు వాడకపోతే కంపెనీ నంబరును తొలగించవచ్చు. ప్రీపెయిడ్ ఖాతాలో 20 రూపాయల నిల్వ ఉంటే తొలగించరాదని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013లో రక్షణ కల్పించింది. ఆ రక్షణతో నంబరు మిగులుతుంది గాని ఓటీపీ రాదు, ఎందుకంటే ప్యాకు గడువు ముగిసిన కొద్ది రోజులకే ఇన్‌కమింగ్ కూడా నిలిచిపోతుంది. డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లకే వేరుగా వోచర్లు ఇవ్వాలని, వాటి గడువు 365 రోజుల వరకు ఉండవచ్చని 2024 డిసెంబరులో ట్రాయ్ చేసిన సవరణ మంచిదే. అయినా భారత నంబరు నుంచి ఒక్క కాల్ కూడా చేయని కార్మికుడు, కేవలం బ్యాంకు మెసేజి అందుకోవడానికి, కాల్స్ ధర మొత్తం ఎందుకు చెల్లించాలి?

అసలు కష్టం ఇంటి లోపల ఉంది. మన పల్లెల్లో ఇంటిల్లిపాదికీ ఒకే నంబరు ఇచ్చే అలవాటు ఇప్పటికీ బలంగా ఉంది. భార్య ఖాతాకూ, గ్యాస్ బుక్కుకూ, తండ్రి పీఎం కిసాన్‌కూ కుటుంబ యజమాని నంబరే. అతడు సిమ్ వెంట తీసుకుపోతే సిలిండర్ డెలివరీ కోడ్ కువైట్‌కు పోతుంది, ఇంటి ముందు బండి ఆపుకున్న మనిషి ఎదురుచూస్తుంటాడు. సిమ్ ఇంట్లో వదిలిపెడితే అక్కడ బ్యాంకు యాప్ తెరవడానికి ఊళ్లో కొడుకునో తమ్ముణ్నో అడిగి వాట్సాప్‌లో ఓటీపీ చెప్పించుకోవాలి. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని రోజూ హెచ్చరించే వ్యవస్థే, దానిని మరొకరి నోటి నుంచి వినక తప్పని స్థితికి ఈ కుటుంబాలను నెట్టింది. ఖద్దామా వీసాపై ఇంటిపనికి వెళ్లిన మహిళ స్థితి మరీ కష్టం: ఫోను పట్టుకునే సమయమే యజమాని ఇష్టం మీద ఆధారపడి ఉన్నప్పుడు, ఆమె సంపాదన మీద నియంత్రణ ఆ సిమ్ ఉన్న ఫోను ఎవరి చేతిలో ఉంటే వారికి పోతుంది. ఈ మాట ఎవరూ పెద్దగా మాట్లాడరు, కాని ఈ వ్యవహారంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఇదే.

విదేశీ నంబరుతోనే యూపీఐ వాడుకోవచ్చు కదా అనేవారు జాబితా చూడాలి. 2023 జనవరిలో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ అనుమతించిన 10 దేశాలలో అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, సింగపూర్, హాంకాంగ్ ఉన్నాయి, గల్ఫ్ నుంచి సౌదీ, యూఏఈ, ఖతార్, ఒమన్ ఉన్నాయి, కువైట్ లేదు. తరువాత చేర్చినవి ఫ్రాన్స్, మలేషియా. పైగా ఆ వెసులుబాటు ప్రవాస భారతీయులకు బ్యాంకులు ఇచ్చే ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకే పరిమితం. ఊరి బ్యాంకులోని పాత సేవింగ్స్ ఖాతాతోనే నెట్టుకొస్తున్న డ్రైవరుకు, వంటమనిషికి అది అందదు.

నంబర్లను ఏళ్ల తరబడి ఖాళీగా ఉంచితే కొత్త వినియోగదారులకు కొరత వస్తుందని, మన సిమ్‌లు విదేశాలకు చేరి సైబర్ మోసాలకు వాడబడుతున్నాయని టెలికం వర్గాలు వాదిస్తాయి. రెండో ఆందోళన నిజమైనదే. అయితే అది ఎవరు ఏ దేశంలో ఉన్నారో తెలియని సిమ్‌ల గురించిన ఆందోళన.

కువైట్ కార్మికుడి విషయంలో ప్రభుత్వానికి ఆ సంగతి తెలుసు. 1983 నాటి వలస చట్టం కింద అనుమతి తప్పనిసరైన 18 దేశాలలో కువైట్ ఒకటి. పదో తరగతి పూర్తికాక ఈసీఆర్ (వలస అనుమతి అవసరమైన) పాస్‌పోర్టుతో పనికి వెళ్లేవారి పేరు, యజమాని, ఒప్పందం అన్నీ కేంద్ర ప్రభుత్వ వలస పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో నమోదవుతాయి. ఆ అనుమతి ఇచ్చేటప్పుడే కార్మికుడి మొబైల్ నంబరును నమోదు చేసి, సాధారణంగా రెండేళ్లుండే ఒప్పంద కాలమంతా దానిని తొలగించరాదని, స్వల్ప రుసుముపై ఇన్‌కమింగ్ ఎస్సెమ్మెస్ ఆపరాదని ట్రాయ్ ఆదేశిస్తే చాలు. కొత్త చట్టం అక్కరలేదు. విజిట్ వీసాలపై దొంగదారిన పంపే ఏజెంట్ల వల్ల కొందరు ఈ లెక్కలోకి రారన్నది వాస్తవమే. కాని నంబరుకు రక్షణ దొరుకుతుందంటే సక్రమంగా నమోదు చేసుకోవడానికి అది మరో కారణమవుతుంది.

ఈ చర్చ సిమ్ దగ్గర ఆగేది కాదు. నెలవారీ కిరాయికి కంపెనీ ఇచ్చే నంబరును పౌరుడి గుర్తింపుగా మార్చిన నిర్ణయమే తప్పు. కువైట్ ప్రభుత్వం సివిల్ ఐడీ అనే గుర్తింపు కార్డుకు అనుసంధానమైన మొబైల్ ఐడీ యాప్‌ను తన నివాసితులకు, అంటే మన కార్మికులకు కూడా, అందుబాటులో ఉంచింది. అక్కడి ప్రభుత్వ సేవల్లో వారు దానితో తమను నిరూపించుకోగలరు. ఇక్కడ రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో జారీచేసిన ఆదేశాలు ఎస్సెమ్మెస్ ఓటీపీకి ప్రత్యామ్నాయాలను ప్రోత్సహించాయి, 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టాయి. ఆ ప్రత్యామ్నాయాలు ఖరీదైన ఫోన్లున్న నగరవాసికే చేరి, వానలు ముఖం చాటేసిన సీమను దశాబ్దాలుగా దినార్లతో నిలబెట్టినవారికి చేరకపోతే, ఆ సంస్కరణ సగమే జరిగినట్టు. యూపీఐ జాబితాలో కువైట్ ఎందుకు లేదో, ఈ-మైగ్రేట్‌లో నమోదైన నంబరుకు ఒప్పంద కాలపు రక్షణ ఎప్పుడిస్తారో కడప, రాజంపేట ఎంపీలు పార్లమెంటులో రాతపూర్వకంగా అడిగి జవాబు రాబట్టాలి.